దొరలు తప్ప మనుషులే లేని ఫార్వర్డ్

కొంతకాలంగా ఒంగోలు, కందుకూరు, కావలి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పేరు "మిషనరీ దొరల అసలు బతుకు". అందులో ఉన్నది ఇదీ: అమెరికా నుంచి మన నెల్లూరు సీమకు వచ్చిన పాదరీలు బంగళాల్లో రాజభోగాలు అనుభవించారట. తెలుగు ముక్క నేర్చుకోకుండా దుబాసీలతో పని గడుపుకున్నారట. 1876-78 నాటి ధాత కరువులో గంజి చూపించి వేలమందిని కలుపుకున్నారట. కలిసినవాళ్ల పద్ధతులన్నీ మాన్పించి సగం తెల్లవాళ్లను చేశారట. ఆఖర్న ఒక సవాలు: "మనవాడు ఒక్కడైనా మతం చెప్పడానికి సముద్రం దాటాడా?"

దీనికి పోటీగా తిరిగే మెసేజ్ కూడా ఒకటుంది. అందులో దొరలంతా దేవదూతలు. నాకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ పనిచేసేది దొర, మాట్లాడేది దొర. మన ఊళ్లవాళ్లు గంజి తాగడానికో చేతులు జోడించడానికో మాత్రమే కనిపిస్తారు. ఇక్కడ మాత్రం మొదటి మెసేజ్‌కే జవాబు చెబుతాను, ఎక్కువమంది పంపుతున్నది అదే కాబట్టి.

రాజభోగాల సంగతి ముందు. ఇందులో కొంత నిజం ఉంది, దాచి వాదించడం దండగ. మందపాటి గోడలు, ఎత్తు కప్పు, చుట్టూ వరండా, పంకా లాగే మనిషి, విశాలమైన కాంపౌండు. పక్క పాలెంలో పూరిగుడిసెలో ఉండేవాడికి అది రాజభోగం కాక మరేమిటి? పనివాళ్లూ ఎక్కువే ఉండేవారు. దానికి దొరసాని దర్జా ఒక్కటే కారణం కాదు. అప్పటి కట్టుబాట్లలో వంటవాడు ఊడ్వడు, ఊడ్చేవాడు నీళ్లు ముట్టకూడదు, గుర్రాన్ని చూసేవాడు వంటింటి గడప తొక్కడు. ఒక్కరు చేసుకోగలిగే పనికి నలుగురు కావాల్సి వచ్చేది. వచ్చినవాళ్లు ఆ పద్ధతికి అలవాటు పడ్డారు, కొందరు బాగానే అలవాటు పడ్డారు. వేసవిలో కొండలెక్కడమూ నిజమే. కొడైకెనాల్‌లో 1845లో మొదటి బంగళాలు కట్టుకున్నది మదురై వైపు పనిచేసిన అమెరికన్ మిషనరీలే. మన రోహిణి కార్తె ఎండకూ, కలరాకూ, జ్వరాలకూ భయపడి పోయేవారు. ఆ ఎండలో కూలివాడికి పోవడానికి కొండలేవీ లేవు. ఇంతవరకు మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

పేచీ అది వదిలేసిన భాగంతో. నెల్లూరులో 1840లో కాపురం పెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే ఆరోగ్యం పాడై స్వదేశం వెళ్లాడు. 1849లో లైమన్ జూయెట్ దంపతులతో కలిసి తిరిగి వచ్చినప్పుడు తన భార్యాపిల్లల్ని అమెరికాలోనే వదిలి రావలసి వచ్చింది. నాలుగేళ్లకు మళ్లీ జబ్బుపడి పూర్తిగా వెళ్లిపోయాడు. పిల్లల్ని చదువు ఈడు రాగానే సముద్రం అవతలికి పంపడం మిషనరీ ఇళ్లలో మామూలు. అక్కడ అలాంటి పిల్లల కోసమే వసతి గృహాలు నడిపేవారు. తల్లి ఒంగోల్లో, బిడ్డ మసాచుసెట్స్‌లో. ఉత్తరానికి జవాబు రావడానికే నెలలు. 1864 చివర్లో ఓడెక్కిన జాన్ క్లౌ మరుసటి ఏడాది ఏప్రిల్‌కి గానీ మద్రాసు రేవులో దిగలేదు. సూయెజ్ కాలువ అప్పటికింకా తెరవలేదు.

ఏళ్లు గడిచినా నెల్లూరు మిషన్‌కు చెప్పుకోదగ్గ ఫలితం లేదని అమెరికాలో సంస్థ పెద్దలే దాన్ని మూసేద్దామని ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. 1862లో జబ్బుతో వెళ్లిన జూయెట్, ఎవరూ తోడు రాకపోయినా నేను తిరిగిపోతానని పట్టుబట్టాడు. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఇంకొకర్ని పంపాలి అన్నాడట కార్యదర్శి. అలా వచ్చినవాడే క్లౌ. భోగాల కోసమే వచ్చేవాళ్లయితే ఈ ఉద్యోగానికి అమెరికాలో క్యూ కట్టి ఉండాలి. మనిషి దొరకడమే అక్కడ పెద్ద టెన్షన్.

పైగా బంగళాలో ఉన్నన్నాళ్లూ పని జరగదు. చలికాలం వచ్చిందంటే డేరాలు, మంచాలు, వంట సామాను ఎద్దుబండ్లకెత్తుకుని పల్లెల మీద పడాలి. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. ఆ దారిన రైలు వచ్చింది 19వ శతాబ్దం ఆఖర్లో. అంతకుముందు బండి తోలేవాడు ఎక్కడ ఆపితే అక్కడే మకాం. ఏ బావి నీళ్లు తాగొచ్చో, ఏ కరణంతో ముందు మాట్లాడాలో, ఏ వీధిలోకి పోకూడదో దొరకు చెప్పాల్సింది వంటవాడూ బండివాడూ వెంట వచ్చిన ప్రచారకులూనే. కొత్త దేశంలో బతకడం అంటే అదే కదా, పక్కవాడి మాట మీద ఆధారపడటం. రాజుల బతుకు అలా ఉండదు.

తెలుగు రాదన్న మాటకు ఎక్కువ కష్టపడక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి పని భాష నేర్పే మున్షీ దగ్గర కూర్చోవడమే. జూయెట్ తెలుగు బైబిల్లోని కొత్త నిబంధనను సవరించే పని చేశాడు, దుబాసీతో అయ్యే పనా అది? క్లౌ కూడా నెల్లూరులో భాష నేర్చుకున్నాకే 1866లో ఒంగోలుకు మారాడు. అయితే పండితుడి దగ్గర నేర్చుకున్న తెలుగు పుస్తకాల తెలుగు. మాదిగపల్లెలో పొద్దుగూకాక అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఆ తెలుగు ఎంత ఎక్కేదో ఊహించుకోవచ్చు. అసలు సంగతి చేరవేసింది ఊరివాళ్లే. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు గుట్ట మీద ప్రార్థన చేసింది జూయెట్ దంపతులని ఎక్కడ చూసినా రాస్తారు. వాళ్ల పక్కన జూలియా, రూతు, నర్సు అనే మనవాళ్లు కూడా ఉన్నారు. వీళ్ల పేర్లు ఆ మెసేజ్‌లోనూ ఉండవు, దాని పోటీ మెసేజ్‌లోనూ ఉండవు.

ఇంకొక చిన్న సవరణ. మన దగ్గరికి వచ్చినవాళ్లంతా అమెరికన్లు కారు. నెల్లూరు జిల్లా దక్షిణాన గూడూరు, నాయుడుపేట, వెంకటగిరి వైపు పనిచేసింది జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్లను శత్రుదేశస్తులని ఈ బ్రిటిష్ ప్రభుత్వమే పని మాన్పించింది. తెల్లతోలుంటే చాలు, సర్కారు అండ దానంతటదే వచ్చేదనుకుంటే ఈ కథ అర్థం కాదు.

ఇక గంజి. మెసేజ్‌లో బలమైన ఆరోపణ ఇదే కాబట్టి నిదానంగా చూద్దాం. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడింది. సర్కారు కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. క్లౌ కుర్రతనంలో సర్వేయర్. ఆ అనుభవంతో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. అది గంజికేంద్రం కాదు. మట్టి మోస్తే కూలి ఇచ్చే పని. అన్ని కులాలవాళ్లూ వచ్చారు. క్లౌ కింది ప్రచారకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. మధ్యాహ్నం పని ఆపి చెట్టు నీడన కూర్చున్నప్పుడు వాళ్లు కూలీలకు తమ మతం చెప్పారు. ఆ మాట వాళ్లెవరూ దాచుకోలేదు.

కానీ మెసేజ్ రాసినవారికి అడ్డొచ్చే సంగతి ఒకటుంది. కరువు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వస్తున్నారన్న నింద అప్పుడే తెలిసిన నింద, అందుకే ఆపాడు. కరువు పని ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు ప్రచారకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకున్నారు.

కాలువ దగ్గర దొరికిన కూలికీ తర్వాతి జనసందోహానికీ సంబంధమే లేదని నేననను. ఆకలి రోజుల్లో తోడు నిలిచినవాడి మాట మనిషికి ఎక్కుతుంది. దాన్ని లంచం అని పిలవాలంటే మాత్రం లంచం తీసుకున్నాక కాదు, ఆగిపోయాక జనం ఎందుకొచ్చారో చెప్పాలి. ఇంకోటి, కథ కరువుతో మొదలుకాలేదు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన ఉన్న తెలుగు జిల్లాలకు పోయివచ్చే యెర్రగుంట్ల పేరయ్య అక్కడే ఈ బోధ విన్నాడు. తిరిగొచ్చి తళ్లకొండపాడులో తనవాళ్లకు చెప్పాడు. ఆయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో, కరువుకు పదేళ్ల ముందు. దొర ఒంగోల్లో సామాను సర్దుకునేలోపే పని మొదలుపెట్టినవాడు పేరయ్య. మాదిగలు చేరుతున్నారని తెలిశాక క్లౌ బడిలో చదివే బ్రాహ్మణ పిల్లలు మానేశారు. ఊళ్లో పెద్దల మన్నన కావాలనుకుంటే పేరయ్యను దూరం పెట్టడమే తేలిక. ఆ పని జరగలేదు.

పద్ధతులన్నీ మాన్పించారా? కొన్ని మాన్పించారు. ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు అన్నవి మూడు ముఖ్యమైన షరతులు. వీటితో ఊళ్లో చాలా రభస జరిగింది. అది మతం గొడవ కంటే పని గొడవ. కోతల రోజుల్లో ఆదివారం రానంటే మోతుబరి ఊరుకుంటాడా? జాతరకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? దెబ్బలు తిన్నది, బావి దగ్గర ఆపేయించుకున్నది, తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నది దొర కాదు. ఈ మార్పును తెల్లవాడు మాన్పించాడు అని ఒక్క ముక్కలో కొట్టేస్తే, ఆ ఆదివారాలు పొలానికి పోకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ల మొండితనం ఎవరి ఖాతాలో వేయాలి? అలాగని అంతా మారనూ లేదు. పాలెం పెద్దల మాట చెల్లుబాటు అయ్యే పద్ధతి కొనసాగింది. పాటల పుస్తకం తెరిస్తే కీర్తనల పైన రాగం, తాళం రాసి ఉంటాయి. నేలమీద చాపలపై కూర్చుని పాడుకునే గుళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. సగం తెల్లవాళ్లట!

ఆఖరి సవాలుకు సూటి జవాబు ఉంది. దాటారు. 1903లో నెల్లూరు సీమ తెలుగు బాప్టిస్టులు సొంత మిషన్ సంఘం తరఫున జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. భార్య కనకమ్మ, పిల్లలు వెంట వెళ్లారు. స్టాంగర్ దగ్గర కియర్స్‌నీ తేయాకు తోటల్లో గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా పనిచేస్తున్న తెలుగువాళ్ల మధ్య ఆ ఏడు డిసెంబరులోనే సంఘం ఏర్పడింది.

ఈ కుటుంబం బతుకును బంగళా బతుకు పక్కన పెట్టి చూడండి. వీళ్ల వెనక పాలకుల రంగు లేదు. నేటాల్‌లో భారతీయుడంటే చదువుకున్నవాడైనా కూలీ అనే పిలుపే. గడువు తీరాక అక్కడే ఉండిపోదామనుకున్న కూలీలపై మూడు పౌన్ల పన్ను వేసే చట్టం 1895 నుంచే ఉంది. ఐదేళ్ల ఒప్పందం ముగిసిన కుటుంబాలు వేరే తోటలకో డర్బన్ వైపో కదిలిపోయేవి. పాస్టరు వాళ్లను వెతుక్కుంటూ తిరగాలి. తోటలో ఒక వరస తెలుగు, పక్క వరస తమిళం, ఆ పక్కన హిందుస్తానీ, గేటు బయట జులు భాష. కొత్తగా నేర్చుకోవలసినవి నెల్లూరు వచ్చిన ఏ దొరకూ తీసిపోవు, ఆసరా మాత్రం అందులో పదో వంతు. రంగయ్య మళ్లీ నెల్లూరు గాలి పీల్చుకుని స్థిరపడే రోజు రాలేదు, 1915లో అక్కడే కన్నుమూశారు.

ఆయన ఒక్కడితో ఆగలేదు కూడా. మన జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికీ, డ్రైవర్లుగానూ కువైట్ వెళ్లినవాళ్ల మధ్య తెలుగు పాస్టర్లు ఇవాళ ఆరాధన జరిపేది శుక్రవారం, సెలవు ఆ రోజే కాబట్టి. ఆ దేశ చట్టాల ప్రకారం అక్కడి ముస్లింలకు మతం చెప్పకూడదు, తమవాళ్ల మధ్యే ఉండాలి. యజమాని సెలవు ఇవ్వకపోతే ఇంటి పనికి వెళ్లిన మనిషి ఆ వారం రాలేకపోతుంది. పాస్టరు ఫోన్లో ప్రార్థన చేస్తాడు. ఈసారి ఆ ఫార్వర్డ్ వస్తే, పంపినవారి బంధువుల్లో కువైట్‌లో ఎవరైనా ఉన్నారేమో అడగండి. మన వైపు చాలామందికి ఉంటారు.