రాష్ట్రాల చేతులు కట్టేసింది ఒక్క కోర్టేనా?

అమెరికా ఎన్నికల ఊసు వచ్చినప్పుడల్లా ఒక మెసేజ్ తెలుగు గ్రూపుల్లో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పంపేవాళ్లు మారుతుంటారు గానీ సారం ఇదే: "2010లో సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ కేసులో తీర్పు ఇచ్చిన రోజే ఎన్నికల డబ్బు మీద అదుపు పోయింది. రాష్ట్రాలు పరిమితి పెడితే కోర్టు కొట్టేస్తుంది. పేర్లు చెప్పమంటే డబ్బు నాలుగు సంస్థలు మారి వస్తుంది, ఎవరిదో ఎప్పటికీ తెలియదు. పట్టుబడినా జరిమానా చిల్లర. ప్రభుత్వమే అభ్యర్థులకు ఖర్చులిస్తే అది పన్నుల సొమ్ము తగలేయడం. రాజ్యాంగ సవరణ వచ్చేదాకా రాష్ట్రాలు చేయగలిగింది శూన్యం."

చదవగానే నిజమే కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. ఇందులో నిజాలు లేకపోలేదు, వాటిని దాటేయను కూడా. కానీ ఒక్కో మాటనూ విడిగా పట్టుకుని చూస్తే, నిజం ఎక్కడిదాకా ఉందో, ఎక్కడినుంచి నిట్టూర్పు మొదలైందో తెలిసిపోతుంది.

"2010 తీర్పుతో అదుపు పోయింది."

పోయింది ఒక రకం అదుపు. అభ్యర్థితో సంబంధం పెట్టుకోకుండా ఎవరికి వారు చేసే ప్రచార ఖర్చును స్వతంత్ర ఖర్చు అంటారు. కంపెనీలు, కార్మిక సంఘాలు అలాంటి ఖర్చు చేయకూడదని నిషేధించడం చెల్లదని 2010 జనవరి 21న సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. కొద్ది నెలలకే వాషింగ్టన్ డీసీలోని అప్పీల్ కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. స్వతంత్ర ఖర్చు మాత్రమే చేసే సంఘాలకు ఎవరెంత విరాళమిచ్చినా పరిమితి ఉండకూడదంది. సూపర్ ప్యాక్‌లు పుట్టింది అలాగే. ఇది చిన్న దెబ్బేమీ కాదు.

అయితే మెసేజ్‌లో కనిపించని భాగం ఒకటి అదే తీర్పులో ఉంది. డబ్బు ఎవరు పెట్టారో బయటపెట్టాలన్న నిబంధనను తొమ్మిదిమంది జడ్జీల్లో ఎనిమిదిమంది సమర్థించారు. అభ్యర్థికి నేరుగా ఇచ్చే విరాళాల మీద ఉన్న పరిమితుల జోలికి ఆ తీర్పు వెళ్లనే లేదు. అవి చెల్లుతాయని 1976లో బక్లీ కేసులోనే తేలింది. అభ్యర్థి ఖర్చు మీద పరిమితి చెల్లదన్నదీ ఆ కేసే. అంటే ఖర్చుకు కళ్లెం వేయలేని పరిస్థితి 2010లో కొత్తగా వచ్చిపడిందేమీ కాదు.

"పరిమితి పెడితే కోర్టు కొట్టేస్తుంది."

కొన్నిటిని కొట్టేసింది. మోంటానా సంగతే తీసుకోండి. రాగి గనుల యజమానులు ఆ రాష్ట్ర రాజకీయాలను జేబులో పెట్టుకుని తిరిగిన రోజులకు విసిగి, 1912లో జనమే ఓటేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. కంపెనీలు ఎన్నికల్లో డబ్బు పెట్టకూడదని దాని సారాంశం. మా చరిత్ర వేరు, మమ్మల్ని ఆ తీర్పు కిందికి తేవొద్దని రాష్ట్రం వాదించింది. 2012 జూన్‌లో సుప్రీంకోర్టు పూర్తిస్థాయి విచారణ కూడా పెట్టకుండా 5-4తో తోసిపుచ్చింది. అంతకుముందు 2006లో వెర్మాంట్ పరిమితులూ పోయాయి. ఈమధ్య మేన్ రాష్ట్ర ఓటర్లు సూపర్ ప్యాక్‌లకు ఒకరు 5,000 డాలర్లకు మించి ఇవ్వకూడదని 2024లో భారీ మెజారిటీతో నిర్ణయిస్తే, 2025 జులైలో ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని ఆపేసింది.

ఇక రెండోవైపు. మిస్సోరీ పెట్టిన 1,075 డాలర్ల పరిమితి 2000లో సుప్రీంకోర్టులో నిలబడింది. స్వతంత్ర ఖర్చు విషయంలో ఓడిపోయిన అదే మోంటానా, అభ్యర్థులకిచ్చే విరాళాల పరిమితుల విషయంలో 2017లో అప్పీల్ కోర్టులో గెలిచింది. దాన్ని తిరగదోడడానికి 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇంతకీ వెర్మాంట్ ఎందుకు ఓడింది? గవర్నర్ అభ్యర్థికి సైతం రెండేళ్ల మొత్తానికి ఒక మనిషి 400 డాలర్లకు మించి ఇవ్వకూడదంది. పరిమితి అంత తక్కువైతే కొత్తగా బరిలోకి దిగేవాడు తన పేరు కూడా జనానికి చెప్పుకోలేడు, కుర్చీలో ఉన్నవాడికే లాభం. కోర్టు అభ్యంతరం అది. నాకైతే అందులో న్యాయం కనిపిస్తోంది. పరిమితి ఉండొచ్చా అన్నది ఎప్పుడో తేలిపోయింది, ఇప్పుడు గొడవంతా ఎంత ఉండాలన్న దగ్గరే.

అసలు పరిమితే పెట్టుకోని రాష్ట్రాలున్నాయి. టెక్సాస్, వర్జీనియా, యూటాల్లో గవర్నర్ అభ్యర్థికి ఒక వ్యక్తి ఎంతైనా ఇవ్వొచ్చు. అక్కడ ఏ కోర్టూ అడ్డుపడలేదు. ఆ శాసనసభలు పెట్టలేదు, అంతే. ఒరెగాన్ కూడా చాలాకాలం ఆ వరుసలోదే. 2020లో పరిమితులకు వీలిచ్చే రాజ్యాంగ సవరణకు అక్కడి ఓటర్లు నూటికి 78 మంది ఔనన్నారు. 2024లో శాసనసభ చట్టం చేసింది. సవరించింది రాష్ట్ర రాజ్యాంగాన్నే, దేశ రాజ్యాంగాన్ని కాదు.

"పేర్లు ఎప్పటికీ తెలియవు."

మెసేజ్ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట ఇది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి నాలుగు చేతులు మారిన డబ్బునే కాలిఫోర్నియా ఒకసారి ఓటింగ్‌కు ముందురోజు పట్టుకుంది.

2012 నవంబర్ 6న పోలింగ్. జనమే నేరుగా ఓటేసి తేల్చాల్సిన రెండు ప్రతిపాదనలు బ్యాలెట్ మీద ఉన్నాయి. 30వది పన్నులు పెంచి స్కూళ్లకు నిధులివ్వాలంటుంది. 32వది కార్మిక సంఘాలు సభ్యుల జీతాల్లో కోసిన డబ్బును రాజకీయాలకు వాడకూడదంటుంది. మొదటిదాన్ని ఓడించడానికి, రెండోదాన్ని గెలిపించడానికి అక్టోబర్‌లో అరిజోనా నుంచి ఒక సంస్థ 1.1 కోట్ల డాలర్లు పంపింది. ఆ సంస్థ పేరు కాలిఫోర్నియాలో దాదాపు ఎవరూ విని ఉండరు. రాష్ట్రంలో ఎన్నికల డబ్బును చూసుకునే కమిషన్ లెక్కలు చూపమంది. సంస్థ చూపనంది. కమిషన్ కోర్టుకెక్కింది. పోలింగ్‌కు రెండు రోజుల ముందు, ఆదివారమని కూడా చూడకుండా, రాష్ట్ర సుప్రీంకోర్టు లెక్కలు ఇచ్చి తీరాలని ఆదేశించింది. సోమవారం ఉదయం సంస్థ దిగొచ్చింది. ఆ డబ్బు తనది కాదని, వర్జీనియాలోని ఒక సంస్థ నుంచి అరిజోనాలోని మరో సంస్థకు, అక్కడినుంచి తనకు వచ్చిందని ఒప్పుకుంది. మర్నాడు 30 గెలిచింది, 32 ఓడింది. ఈ బయటపెట్టడం వల్లే అలా జరిగిందని నేననను, దానికి రుజువేమీ లేదు. ఓటరు పోలింగ్ బూత్‌కు వెళ్లేసరికి సంగతి పేపర్లో ఉంది, అంతవరకే నా వాదన. 2013 అక్టోబర్‌లో 10 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఇలా చేతులు మారి వచ్చిన సొమ్ము పుచ్చుకున్న కమిటీలకు మొత్తం 1.5 కోట్ల డాలర్లు రాష్ట్రానికి జమ చేయమని నోటీసులు కూడా వెళ్లాయి.

అప్పుడు తెలిసినవి మధ్యలో ఉన్న సంస్థల పేర్లే కదా, అసలు డబ్బు పెట్టినవాళ్ల పేర్లు కావు కదా అని ఎవరైనా అడగొచ్చు. సబబైన ప్రశ్నే. దానికి జవాబు ఏ రాష్ట్రం నుంచి ఆ డబ్బు వచ్చిందో అక్కడే తయారైంది. 2022లో అరిజోనా ఓటర్లు నూటికి 72 మంది ఒక చట్టాన్ని ఆమోదించారు. రాష్ట్రస్థాయి ప్రచారానికి 50,000 డాలర్లకు మించి ఖర్చుపెట్టే సంస్థ ఏదైనా సరే, 5,000 డాలర్లకు మించి ఇచ్చినవాళ్ల పేర్లు చెప్పాలి. అదీ చివరి చెయ్యి ఎవరిదో కాదు, డబ్బు మొదట సంపాదించింది ఎవరో వాళ్ల పేరు. మామ డబ్బును అల్లుడి చేత పంపిస్తే మామ పేరే రాయాలన్నమాట. ఈ డబ్బు ప్రచారానికి వాడబోతున్నామని దాతకు ముందే చెప్పి, వద్దనుకుంటే తప్పుకోవడానికి 21 రోజులు ఇవ్వాలి. పేరు బయటికొస్తే వేధిస్తారన్న భయం కొందరికి నిజంగానే ఉంటుంది కాబట్టి ఈ వెసులుబాటు నాకు నచ్చింది.

"జరిమానా చిల్లర."

చాలాచోట్ల చిల్లరే. కానీ చిల్లరగా ఉంచాలని కోర్టులేమీ చెప్పలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో లెక్క ఎలా వేస్తారో చూడండి. ప్రచారం డబ్బు వివరాలు జనానికి తెలియాలన్న చట్టాన్ని అక్కడి ఓటర్లు 1972లోనే తెచ్చుకున్నారు. 2013లో జన్యుమార్పిడి ఆహారానికి లేబుల్ వేయాలన్న ప్రతిపాదన బ్యాలెట్ మీదికొచ్చింది. దాన్ని ఓడించడానికి ఆహార తయారీ కంపెనీల జాతీయ సంఘం సభ్య కంపెనీల దగ్గర ప్రత్యేకంగా నిధి వసూలు చేసి, సుమారు 1.1 కోట్ల డాలర్లు తన పేరుతోనే పెట్టింది. బ్రాండ్ల పేర్లు బయటికి రాకూడదని ఏర్పాటు. పోలింగ్‌కు ముందే అటార్నీ జనరల్ కేసు వేశారు, పెప్సీ, కోకాకోలా, నెస్లే పేర్లు బయటికొచ్చాయి. ప్రతిపాదన మాత్రం కొద్ది తేడాతో ఓడిపోయింది. 2016లో కోర్టు ఆ సంఘానికి 1.8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. దాచిన సొమ్ము కంటే జరిమానాయే ఎక్కువ. ఇది మితిమీరిందని సంఘం మొత్తుకుంటే, మితిమీరలేదని 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

ఫేస్‌బుక్ కథ ఇంకా బాగుంటుంది. రాజకీయ ప్రకటన ఎవరు కొన్నారు, ఎంత ఇచ్చారు అని ఎవరడిగినా దాన్ని ప్రచురించిన సంస్థ చెప్పాలన్నది ఆ రాష్ట్ర నియమం. దాన్ని పాటించలేదని 2018లో కేసు పెడితే, ఆ కంపెనీ 2,38,000 డాలర్లు కట్టి బయటపడింది. ఇక్కడ మెసేజ్ మాటే ఒప్పు, ఆ కంపెనీకి అది నిజంగా చిల్లరే. మళ్లీ అదే తప్పు చేసిందని 2020లో రెండో కేసు పడింది. ఈసారి కోర్టు ఒక్కో ఉల్లంఘననూ విడిగా లెక్కపెట్టింది. 822 ఉల్లంఘనలు, ఒక్కోదానికి 30,000 డాలర్లు. 2022లో పడిన జరిమానా 2.46 కోట్ల డాలర్ల పైచిలుకు.

నా వాదనకు అడ్డొచ్చే కేసు ఒహాయోది, దాన్నీ చెప్పాలి. నష్టాల్లో ఉన్న అణువిద్యుత్ కేంద్రాలను కరెంటు బిల్లుల మీద భారం వేసి ఆదుకునే చట్టం కోసం, విద్యుత్ కంపెనీ నుంచి దాదాపు 6 కోట్ల డాలర్లు ఒక లాభాపేక్ష లేని సంస్థ చాటున శాసనసభ స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్ వర్గానికి చేరాయి. 2023లో ఆయనకు 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. అయితే ఆ కేసు నడిపింది ఫెడరల్ ప్రాసిక్యూటర్లు. దాతల పేర్లు చెప్పనక్కర్లేని సంస్థలు ఎంతైనా ఖర్చుపెట్టుకునే వీలు రాష్ట్రంలో ఉండబట్టే ఇంత సొమ్ము కళ్లుగప్పి నడిచింది. రాష్ట్ర అధికారులు పట్టుకోలేకపోయారన్నది నిజం. పట్టుకోవడం కుదరదన్నది మాత్రం నిజం కాదు. అరిజోనా చట్టంలాంటిది ఉండుంటే ఆ విద్యుత్ కంపెనీ పేరు మొదటి రిపోర్టులోనే కనిపించాల్సి వచ్చేది.

"పన్నుల సొమ్ము తగలేయడం."

దీనికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కనెక్టికట్‌లో గవర్నర్ జాన్ రోలాండ్ అవినీతి కేసులో చిక్కుకుని 2004లో రాజీనామా చేశాక, 2005లో అభ్యర్థులకు ప్రభుత్వ నిధులిచ్చే చట్టం వచ్చింది. ఊరికే ఇవ్వరు. దిగువసభకు పోటీచేసేవాడు మొదట తన ప్రాంతంలో 150 మంది దగ్గర చిన్నచిన్న మొత్తాలు అడిగి 5,000 డాలర్లు పోగుచేసి చూపాలని నియమం పెట్టారు. నిధుల్లో ఎక్కువభాగం ఎవరూ వచ్చి అడగని బ్యాంకు ఖాతాలు, ఆస్తుల ద్వారా ప్రభుత్వానికి చేరినదే. అరిజోనాలో కోర్టు జరిమానాల మీద 10 శాతం అదనంగా వసూలు చేస్తారు. మీ పన్ను కంటే పక్కవాడి ట్రాఫిక్ చలానా దీనికి ఎక్కువ ఉపయోగపడుతుంది. మేన్‌లో మాత్రం ఖజానా నుంచే ఇస్తారు, అక్కడ ఆ విమర్శకు కాస్త బలముంది. ప్రత్యర్థి ఎక్కువ ఖర్చుపెట్టే కొద్దీ ప్రభుత్వం అదనంగా ఇచ్చే పద్ధతిని 2011లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఒక్క ముక్క తీసేసి మిగతా పథకాన్ని నడుపుకుంటున్నారు.

"రాష్ట్రాలు చేయగలిగింది శూన్యం."

ఈ మాట ఎవరికి పనికొస్తుందో విస్కాన్సిన్‌ను చూస్తే తెలుస్తుంది. 2007లో ఆ రాష్ట్రం ఎన్నికల నియమాల అమలుకు ఒక బోర్డు పెట్టింది. ఆరుగురు సభ్యులు, అందరూ రిటైరైన జడ్జీలు. గవర్నర్ స్కాట్ వాకర్ ప్రచారం బయటి సంఘాలతో కుమ్మక్కైందా అన్న దర్యాప్తులో ఆ బోర్డూ చెయ్యి వేసింది. 2015 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు దర్యాప్తు ఆపేసింది. ఆ ఏడాది చివర్లో శాసనసభ ఆ బోర్డునే రద్దు చేసి, రెండు పార్టీల వాళ్లు సమానంగా ఉండే కమిషన్లను పెట్టింది. చెరో ముగ్గురూ చెరోవైపు లాగితే ఫైలు కదలదు. ఫెడరల్ ఎన్నికల కమిషన్ నడక ఏళ్ల తరబడి అదే, పైగా 2025 మేలో దానికి కోరమ్ కూడా లేకుండా పోయింది. కాలిఫోర్నియా కమిషన్‌లో ఉండేది ఐదుగురు, సగానికి సగం చీలడం కుదరదు.

విస్కాన్సిన్ శాసనసభ అప్పుడే ఇంకో పని కూడా చేసింది. అభ్యర్థులకిచ్చే విరాళాల పరిమితిని రెట్టింపు చేసింది. పార్టీలకు వ్యక్తులు ఎంతైనా ఇవ్వొచ్చంది, పార్టీ ఆ డబ్బును అభ్యర్థికి ఎంతైనా పంపొచ్చంది. 2025 వసంతంలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక్క జడ్జి పదవికి జరిగిన ఎన్నికలో ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. రెండు పక్షాలూ ఆ దారిని వాడుకున్నాయి. సూపర్ ప్యాక్‌ల వాటా 2010 తీర్పు పుణ్యమే. పార్టీల మీదుగా వెళ్లిన డబ్బుకు మాత్రం దారి వేసింది శాసనసభే. ఏ కోర్టూ వేయమనలేదు.

సుప్రీంకోర్టులో ఓడిన మోంటానా ఏం చేసింది? 2015లో రెండు పార్టీల ఓట్లతో, ప్రచారంలో దిగే సంఘాలన్నీ లెక్కలు చెప్పాలన్న చట్టం చేసింది. ఆర్ట్ విట్టిచ్ అనే శాసనసభ్యుడిని రాష్ట్ర ఎన్నికల డబ్బు కమిషనర్ కోర్టుకు లాగారు. 2010 ఎన్నికల్లో ఆయన బయటి సంస్థల నుంచి ప్రచార సాయం పుచ్చుకుని లెక్కల్లో చూపలేదని ఆరోపణ. స్వతంత్ర ఖర్చని పేరు పెట్టినా, అభ్యర్థితో కలిసి చేస్తే అది విరాళమే అవుతుంది. 2010 తీర్పు దాన్ని కాపాడదు. జ్యూరీలో ఉన్నది మామూలు పౌరులు. 2016లో తప్పు చేశాడని తేల్చారు. కట్టాల్సింది 68,232 డాలర్లని జడ్జి లెక్కగట్టాడు. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది.