మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడన్న సామెతను సంగీతం నేర్చుకునే పిల్లల మీద విసిరినంత ధారాళంగా మనవాళ్ళు మరెవరి మీదా విసరరు. పదకొండేళ్ళ వయసులో నేనూ దాన్ని విన్నాను. "ముందు చెయ్యి తిరగనీ, తర్వాత మంచిది కొందాం" అని నాన్నగారు బజారులో అన్నిటికన్నా తక్కువ ధర పలికిన వీణ తెచ్చారు. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (మొదటి పాఠాలు) వాయిస్తూ పై షడ్జం (పై 'స') చేరేసరికి ప్రతిసారీ అపస్వరం పలికేది. ఆరు నెలల పాటు ఆ తప్పు నా వేలిదేనని నమ్మాను. చివరికి ఒకనాడు టీచరుగారు మా ఇంటికి వచ్చి, సారణి అనే మొదటి తీగను పన్నెండో మెట్టు (తీగ కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద నొక్కి మీటి చూసి, "తప్పు నీది కాదే తల్లీ, మెట్టుది" అన్నారు.

కొత్తగా నేర్చుకునేవారికి చవక సరుకు చాలుననే వాదన నాకు ఆనాటి నుంచీ మింగుడుపడదు. వీణ దండి (పొడవాటి మెడ భాగం) మీద ఉండే 24 మెట్లనూ మైనపు మేళం (మెట్లను పట్టి నిలిపే మైనపు దిమ్మ) మీద, కేవలం చెవి సాయంతో, ఒక్కొక్కటిగా నిలబెడతారు. పైస్థాయికి వెళ్ళేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి కనుక అక్కడ వెంట్రుకవాసి తేడా కూడా చెవికి తెలుస్తుంది. వీణ ధర తగ్గించాలంటే తయారీదారు మొదట తగ్గించేది ఈ పని మీద పెట్టే సమయాన్నే. చేయి తిరిగిన విద్వాంసుడికి అలాంటి వీణ ఇచ్చినా ఎలాగో నెట్టుకొస్తాడు. మెట్టు తక్కువ పలికితే తీగను కాస్త లాగి సరిచేస్తాడు. ఎక్కువ పలికితే దాన్ని వదిలేసి, కింది మెట్టు మీద నుంచే తీగను లాగి పలికించే గమకంతో ఆ స్వరాన్ని అందుకుంటాడు. ఏది సరైన స్వరమో ఇంకా చెవికి పట్టని పిల్లకు ఆ ఉపాయం ఎక్కడిది? తప్పు పలికే మెట్టునే ఆమె ప్రమాణమనుకుంటుంది, ఆ చెవిని తర్వాత సరిదిద్దడం వేళ్ళను సరిదిద్దడం కన్నా కష్టం.

అయితే మంచి వీణ అంటే ఖరీదైన వీణ అని నేననడం లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒకే పనస మొద్దును తొలిచి చేసే ఏకాండి వీణలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంతటి వీణ మొదటి రోజే ఒళ్ళోకి రావాలని పట్టుబట్టనక్కరలేదు. అతుకుల వీణైనా సరే, దండి చివర చెక్కే యాళి (సింహంలాంటి పురాణ జంతువు) ముఖం మీద రంగు వెలిసినా సరే, నగిషీలు అసలే లేకపోయినా సరే, మేళం సరిగా కట్టి ఉండి, గుర్రం (తీగలను మోసే వంతెన) మీది రేకు మీద తీగ జీరపోకుండా పలికితే చాలు. దుకాణాల్లో మాత్రం మన కళ్ళు ముందుగా నగిషీల మీదికే పోతాయి (మా నాన్నగారి కళ్ళూ అక్కడికే పోయాయి).

"పిల్ల నాలుగు నెలలకే మానేస్తే డబ్బు దండగ కదా" అని అడిగేవారి భయం నాకు అర్థమవుతుంది. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న మాట కాదు. కానీ ఆ భయానికి మందు చవక వీణ కాదు, వాడిన వీణ. బాగా ఆరిన పనస కొయ్య ఏళ్ళ తరబడి చెడదు. మైనం ఎండలకు మెత్తబడి మెట్లు కదలడం ఎంత మంచి వీణకైనా తప్పదు కనుక, ఎప్పుడో ఒకప్పుడు మేళం మళ్ళీ కట్టించడం ఎలాగూ ఉన్నదే. కాబట్టి గురువును వెంటబెట్టుకుని పాత వీణ చూసి, అవసరమైతే మేళం కట్టించుకోండి. పిల్ల మానేస్తే అలాంటి వీణను అడిగి తీసుకునేవారు ఉంటారు. అద్దెకు దొరికితే ఇంకా మేలు.

నా మొదటి వీణకు రెండుసార్లు మేళం కట్టించాం. దండే వంకర తిరగడంతో ఏ మెట్టూ నిలవలేదు. అమ్మబోతే కొనేవారు లేక, ఇప్పటికీ అటక మీద పాత దుప్పటి కప్పుకుని ఉంది. ఆ తర్వాత టీచరుగారు తన పాత వీణను ఇంటికి పంపారు. దాని మీద మొదటి వారంలోనే పై షడ్జం పలికింది.