ఒక డిగ్రీ అన్నిచోట్లా ఒకే దూరం కాదు

అక్షాంశ రేఖాంశాల గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ అందులో ఒక్క మాట సరిచేయాలి. అక్షాంశానికీ రేఖాంశానికీ కలిపి ‘ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు’ అని రాశారు. అక్షాంశానికైతే దాదాపు అంతటా సరే. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒడిశాలో మా జయపురం (కోరాపుట్ జిల్లా) దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 105 కిలోమీటర్లే.

మా అక్కను మహారాష్ట్ర సరిహద్దులో, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచకు ఇచ్చారు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూస్తే రెండు ఊళ్లూ ఇంచుమించు 18.85 ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. తూర్పు రేఖాంశం మాకు 82.57, వాళ్లకు 79.96. అంటే అక్క ఊరు మాకు నేరుగా పడమర, దాదాపు 275 కిలోమీటర్లు. ఇక్కడ పొద్దు గూకగానే ఫోన్ చేస్తే ‘మాకింకా గూకలేదే చెల్లీ’ అంటుంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన పది నిమిషాల తేడా! అక్షాంశం ఒకటే కాబట్టి పగటి నిడివి మాత్రం ఇద్దరికీ సమానం.

ఇంకొకటి. దేశమంతటి గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మా ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల పడమరగానే వెళుతుంది. ఇక్కడి తెలుగు పిల్లలకు టీచర్లు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.