ముందు వరాహస్వామి, తరువాతే ఓవర్‌రైడ్

తిరుమలలో వేంకటేశ్వరుని కన్నా ముందు పుష్కరిణి గట్టున వెలసిన వరాహస్వామిని దర్శించాలన్నది సంప్రదాయం. కొండపై చోటిచ్చినందుకు తొలి పూజ, తొలి నైవేద్యం ఆయనకే జరుగుతాయని శ్రీనివాసుడు మాట ఇచ్చాడని స్థలపురాణం. అంటే, వారసత్వంగా చోటు పుచ్చుకున్నవాడు తన పని మొదలుపెట్టే ముందు చోటిచ్చినవాడిని పిలవాలన్న నియమం ప్రోగ్రామింగ్ భాషలు పుట్టకముందే ఏడుకొండల మీద అమలులో ఉంది. అయినా నేరుగా పెద్ద క్యూలో నిలబడి, లడ్డూలు పుచ్చుకుని, అలిపిరి దాటాక నాలుక కరుచుకునే భక్తులకు లోటు లేదు.

మా తిరుపతి కార్యాలయంలోని యువ ప్రోగ్రామర్లు ఈ కోవకు చెందినవారే. పేరెంట్ క్లాస్ (తన కోడ్‌ను పిల్ల క్లాసులకు వారసత్వంగా ఇచ్చే మూలం) ఆస్తినంతా అనుభవిస్తూ, దాని మెథడ్‌ను (ఒక పని చేసే కోడ్ ముక్కను) ఓవర్‌రైడ్ చేసి, అంటే అదే పేరుతో తమది రాసి, లోపల పేరెంట్ మెథడ్‌ను నడిపించే ‘సూపర్’ అన్న ఒక్క పిలుపును మరిచిపోతారు. పేరెంట్ తెరవవలసిన డేటాబేస్ కనెక్షన్ తెరుచుకోదు. మూడు రోజుల తరువాత ఏ సంబంధమూ లేని మరో ఫైలులో నేరం బయటపడుతుంది.

ఈ కృతఘ్నతకు శిక్షాస్మృతులు లేకపోలేదు. కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్‌ను సిద్ధం చేసే కోడ్‌లో, కొడుకు (పిల్ల క్లాస్) తండ్రిని పిలవడం మరిచినా, ఆర్గ్యుమెంట్లు (లోపలికి ఇవ్వవలసిన విలువలు) అడగని తండ్రి అయితే, జావా కంపైలరే (కోడ్‌ను అనువదించే ప్రోగ్రామే) పిలిచిపెడుతుంది. పైథాన్ మాత్రం పెద్దమనిషిలా మౌనం వహిస్తుంది. ఆండ్రాయిడ్‌లో తెర మొదలైనప్పుడు నడిచే ఆన్‌క్రియేట్ మెథడ్ పేరెంట్‌ను పిలవకపోతే ‘సూపర్‌నాట్‌కాల్డ్’ అనే ఎక్సెప్షన్‌తో (పని ఆపే లోపంతో) యాప్ అక్కడికక్కడే కూలుతుంది. యాప్‌లు రాసే ఫ్లట్టర్‌లోని ‘మస్ట్‌కాల్‌సూపర్’ వంటి గుర్తులు హెచ్చరికలు మాత్రమే. అవి అలిపిరి తనిఖీ కేంద్రం వంటివి కావు, పాదరక్షలు ఇక్కడ విడువవలెనన్న బోర్డు వంటివి.

వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో అడుగుపెట్టినవాడికి ఏ బోర్డూ అక్కరలేదు, ఇనుప కమ్మీలే దారి చూపుతాయి. అదే విధంగా పేరెంట్ తన మెథడ్‌ను ఫైనల్‌గా (ఎవరూ ఓవర్‌రైడ్ చేయలేకుండా) మూసివేసి, తన పని తానే చేసుకుని, మధ్యలో ఒక ఖాళీ హుక్‌ను (పిల్లలు తమ కోడ్‌తో నింపుకునే చోటును) మాత్రం పిల్లలకు వదలవచ్చు. దీనికి టెంప్లేట్ మెథడ్ అని పేరు. డెన్మార్క్‌లో పుట్టిన బీటా భాషలోనైతే పేరెంటే ముందు నడిచి, తనకు తోచిన చోట ‘ఇన్నర్’ అంటూ కొడుకును పిలుస్తుంది. (ఆ భాష ఎందుకు ప్రాచుర్యంలోకి రాలేదో పెళ్ళీడు కొడుకులున్న తండ్రులు ఎవరైనా చెప్పగలరు.)

అయితే మరిచిపోయే వీలే లేకపోతే చిన్నవారిని మందలించే భాగ్యం సీనియర్లకు దక్కదు గనుక మా బృందం ఆ దారి తొక్కలేదు. నేనే మా మూల క్లాసుపై హెచ్చరిక గుర్తు తగిలించి, ప్రతి కోడ్ రివ్యూలోనూ పితృభక్తిని బోధిస్తున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఎంతో వినయంగా, “సార్, మీ మెథడ్ కూడా పై ఫ్రేమ్‌వర్క్ క్లాస్‌ను ఓవర్‌రైడ్ చేసిందే కదా, అందులో సూపర్ కనిపించడం లేదండీ” అన్నది. తెరిచి చూశాను. ఆ రోజు రివ్యూను కాస్త ముందుగానే ముగించాము.