స్విఫ్ట్ రేటుకే బెంజ్, బోనస్‌గా వైరాగ్యం

“స్విఫ్ట్ రేటుకే బెంజ్, బ్రదర్! చిన్న చిన్న పనులున్నాయి, అంతే.” ఫోన్ తెరిస్తే చాలు, నల్లకళ్లద్దాల కుర్రాడొకడు పాత కారు బానెట్ మీద చెయ్యేసి ఈ శుభవార్త వినిపిస్తున్నాడు. కింద జనం ఫోన్ నంబర్లు పెట్టి మరీ ‘ఇంట్రెస్టెడ్’ అంటున్నారు. రిటైరైనవాళ్లు, పెళ్లి కుదిరినవాళ్లు, నిన్నటిదాకా స్కూటర్ పంక్చర్‌కి బేరమాడినవాళ్లు, అందరూ ఇంట్రెస్టెడే.

కుర్రాడు అబద్ధమాడుతున్నాడని నేననను. నిజంగా స్విఫ్ట్ రేటే. ఎవరో మహానుభావుడు ఒకప్పుడు 60 లక్షలు పోసి కొన్న బండి ఇప్పుడు 8 లక్షలకు దొరుకుతోంది. మన సమాజంలో అంతరాలు ఇంత వేగంగా తగ్గిన రంగం ఇంకొకటి లేదు. ఒకటే చిక్కు. ధర పడిపోయిన సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, మధ్యలో కమీషన్ తీసుకునేవాడికి మరీ బాగా తెలుసు. విడిభాగాలకు మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు. అవి ఇప్పటికీ 60 లక్షల కారులోనే కాపురం ఉన్నామనుకుంటున్నాయి. ఒక్క హెడ్‌లైటు లక్ష దాటే మోడళ్లున్నాయి. గల్లీలో ఏ ఆటోవాడో దాన్ని తాకాడంటే, మనం కొన్న బండిలో ఎనిమిదో వంతు పోయినట్టే. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నారు పెద్దలు. ఇది బతికినా లక్షే, చచ్చినా లక్షే. ఇచ్చుకోవాల్సింది మాత్రం మనం.

వీటిలో ఢిల్లీ నుంచి దిగినవాటికి ప్రత్యేక గౌరవం. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టూ ఆ మాటే అంది. ఆ తర్వాత దానిమీద నడిచిన వాదోపవాదాలు వేరే పురాణం. మొత్తానికి అక్కడ ఉండనివ్వని డీజిల్ బండ్లు చవగ్గా మన దారి పట్టాయి. అక్కడి ఊపిరితిత్తులకు పడని పొగ మనవాటికి బలం కాబోలు. అయితే రేటు చెప్పే నోరు లైఫ్ ట్యాక్స్ మాట చెప్పదు. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు వేయించాలి, అక్కడి ఆర్టీఓ నుంచి ‘మాకు అభ్యంతరం లేదు’ అనే కాగితం, అంటే ఎన్‌ఓసీ, తెచ్చుకోవాలి, ఇక్కడ ట్యాక్స్ కట్టాలి. పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఒకటి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయి కూర్చుంది. “ఎన్‌ఓసీ ఏముంది సార్, వారంలో వచ్చేస్తుంది” అంటాడు బ్రోకర్. ఏ సంవత్సరంలో వారమో చెప్పడు.

ఇక బండి చూడ్డానికి వెళ్లే ఘట్టం. ఏ యార్డులో చూసినా ఇదే తంతు. మనవాడు ఒంటరిగా వెళ్లడు. అంబాసిడర్ తర్వాత కారు టెక్నాలజీ చెడిపోయిందని నమ్మే బాబాయి, ఏ వస్తువుకైనా సగం ధర చెప్పే మేనమామ, సీటు రంగు చూడ్డానికి పిన్ని, చివరన మొహమాటానికి పిలిచిన మెకానిక్. మనవాళ్లు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది. “మీరొస్తున్నారని వార్మప్ చేశాం సార్” అంటాడు బ్రోకర్. చల్లని ఇంజన్ పొద్దున్నే స్టార్ట్ చేస్తే వచ్చే గలగల మనం వినకూడదని పాపం ఆయన తాపత్రయం.

బేరం మొదలవుతుంది. బాబాయి వంగి, ఫోన్ లైటు వేసి, కారు కింద ఆయిల్ మరకల కోసం వెతుకుతుంటాడు. కాసేపటికి ఆయనకో అనుమానం: తను వంగుతున్నాడా, బండి వంగుతోందా? బండే. వెనక కుడివైపు మెల్లగా, ఎంతో మర్యాదగా నేలకు దిగుతోంది.

“ఏమయ్యా, ఇది కూర్చుంటోంది?”

“ఎయిర్ సస్పెన్షన్ బాబాయి గారూ. పార్క్ చేస్తే రెస్ట్ తీసుకుంటుంది.”

మేనమామ మొహం వెలిగిపోతుంది. “మా అల్టోకి ఈ సదుపాయం లేదురా!”

మెకానిక్ గొంతు సవరించుకుని, గాలి తిత్తుల రబ్బరు చీలిందనీ, ఆ లీకును కప్పిపుచ్చడానికి కంప్రెసర్ అదేపనిగా తిరిగి తిరిగి అదీ కాలిపోతుందనీ, రెండూ కలిపి మార్చుకోవాల్సి వస్తుందనీ చెప్పబోతాడు. ఆయన వచ్చింది స్ప్లెండర్ మీద. బెంజ్ గురించి స్ప్లెండర్ మనిషి మాట ఎవరు వింటారు? బండి ఇంచు దిగినప్పుడల్లా మేనమామ పదివేలు తగ్గిస్తున్నాడు. నష్టం పసిగట్టిన బ్రోకర్ పరుగున వెళ్లి స్టార్ట్ చేస్తాడు. బండి కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. పిన్ని రెండు చేతులూ జోడిస్తుంది. ధర కూడా బండితోపాటే లేచి, మొదట చెప్పిన చోటికి చేరుతుంది. ఈలోగా మనవాడు అద్దంలో తన మొహం చూసుకుని క్రాఫు సర్దుకున్నాడు. నిర్ణయం అప్పుడే అయిపోయింది. తర్వాత జరిగే సలహా సంప్రదింపులన్నీ తల ఊపించుకోవడానికే.

అలాంటివాళ్లు నన్నూ అడుగుతుంటారు. బీఎండబ్ల్యూ ఎన్47 అనే డీజిల్ ఇంజన్‌కి లోపలి భాగాల్ని ఒక లయలో తిప్పే టైమింగ్ చైన్ వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుందయ్యా, అది సాగితే చైన్ ఖరీదుకన్నా దాన్ని చేరుకునే కూలీ భయపెడుతుందయ్యా అంటే, “సన్‌రూఫ్ ఉందండీ” అంటారు. పంక్చరైనా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లని చెప్పి స్టెప్నీయే ఇవ్వని మోడళ్లున్నాయంటే, “డిక్కీలో చోటు మిగులుతుంది కదా” అంటారు. ఇన్సూరెన్సు ఉందిలే అనేవాళ్లకో మాట. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకూ, బ్యాటరీకీ, ఎయిర్‌బ్యాగులకూ సగం తరుగు తీసేస్తారు. పాత బండికి ఆ తరుగు లేని పాలసీ అడిగితే కంపెనీవాళ్లు మీ వంక జాలిగా చూస్తారు.

డబ్బు పోతే పోనివ్వండి, ఎవరి సరదా వాళ్లది. ఎయిర్‌బ్యాగుల సంగతికొస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. యాక్సిడెంట్‌లో పేలిన ఎయిర్‌బ్యాగు స్థానంలో కొత్తది పెట్టకుండా, డాష్‌బోర్డు అతికించి రంగేసి, హెచ్చరిక లైటు వెలగకుండా ఓ రెసిస్టర్ తగిలించి అమ్మేవాళ్లున్నారు. రెసిస్టర్ ఖరీదు రూపాయల్లో ఉంటుంది. ఆ సీట్లో కూర్చునేది ఎవరు? పిల్లని ఒళ్లో పెట్టుకున్న తల్లి. ‘బెంజ్ కదా, సేఫ్టీ’ అని నమ్మి అప్పు చేసి కొన్నవాడి కుటుంబం. దీన్ని ‘చిన్న పని’ అంటావా? ఇది వ్యాపారమా? మనుషుల్ని తెలిసి తెలిసి చావుకి ఎక్కించడం ఇది! 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు, 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు సీట్లదాకా నీళ్లు తాగిన బండ్లున్నాయి. అలాంటి వరద బండిని ఆరబెట్టి, సెంటు కొట్టి, ‘డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్’ అని అంటగట్టేవాడిదీ ఇదే జాతి. వైరింగులోకి దిగిన బురద నీళ్లు ఏ హైవే మీద, ఏ అర్ధరాత్రి బ్రేకుల ఎలక్ట్రానిక్స్‌ని పడగొడతాయో వాడికి పట్టదు. పట్టుబడితే “యాజ్ ఈజ్ కండిషన్, ఉన్నది ఉన్నట్టుగా అని రాసిచ్చాంగా” అంటాడు, సిగ్గులేకుండా.

అయినా కొనితీరతామంటే ఇంకేం చెప్పను. పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే లేచి వచ్చేయండి. వెలిగి ఆరినంత మాత్రాన నమ్మకండి, స్కానర్ తగిలించి చూడమనండి. సీటుబెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి. చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు రికార్డు తీయించండి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి మీటరులో యాభై వేలకు ఎలా చిన్నదైందో అక్కడ తెలుస్తుంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ ‘చిన్న చిన్న పనుల’కు ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఇవన్నీ అడిగేసరికి బ్రోకర్‌కి కోపం వస్తుంది. “ఇంత అనుమానం ఉన్నోళ్లు ఈ బండి కొనకూడదు సార్” అంటాడు. పొద్దుటినుంచీ ఆయన పలికిన నిజం అదొక్కటే. వెంటనే నమ్మి, స్ప్లెండర్ వెనక ఎక్కి ఇంటికి వచ్చేయండి.