సవరణ: ఏఆర్చ్64 బిల్డ్ గురించి నేను చెప్పింది తప్పు

'ఏఆర్చ్64 (64-బిట్ ఆర్మ్ ప్రాసెసర్) బోర్డుకు బిల్డ్ చేస్తే లింకర్ (కోడ్ ముక్కలను కలిపి ఒక ప్రోగ్రామ్‌గా చేసేది) ఒక ఫంక్షన్ దొరకలేదని ఆగిపోతోంది, అదే కోడ్ ల్యాప్‌టాప్‌లో బాగానే అవుతోంది' అన్న సమస్యకు పోయినవారం ఒక పరిష్కారం రాశాను. లింకర్ దొరకలేదంటున్న ఆ పేరుతో ఒక ఖాళీ ఫంక్షన్ రాసి పెట్టమన్నాను. దయచేసి అలా చేయకండి.

నిన్న బాలాజీ కాలనీలో ఇద్దరు విద్యార్థులు తమ బోర్డు తెచ్చి చూపించారు. బిల్డ్ అయిపోయింది గానీ వాళ్ల ప్రోగ్రామ్‌లోని కౌంటర్ సున్నా దగ్గరే ఉండిపోయింది. లెక్క పెంచాల్సిన ఫంక్షనే ఖాళీ అయితే ఇంకేం పెరుగుతుంది? లింకర్ ఎర్రర్ కంటే ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే కంటికి కనిపించదు.

అసలు కారణం లైబ్రరీలో లోపం కాదు. 2020లో వచ్చిన జీసీసీ 10 కంపైలర్ నుంచి ఏఆర్చ్64కు అవుట్‌లైన్ అటామిక్స్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటాయి. అంటే అటామిక్ కూడికను (మధ్యలో వేరే థ్రెడ్ అడ్డు రాకుండా ఒకేసారి జరిగే కూడికను) అక్కడికక్కడే ఇన్‌స్ట్రక్షన్లుగా రాయకుండా, కంపైలర్ తన సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీలోని చిన్న ఫంక్షన్‌ను పిలిచేలా కోడ్ రాస్తుంది. ప్రాసెసర్‌లో ఆర్మ్ వీ8.1 అటామిక్స్ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయో లేదో ఆ ఫంక్షన్ ప్రోగ్రామ్ నడిచేటప్పుడే చూసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లోని ఎక్స్86 ప్రాసెసర్‌కు ఈ పిలుపే ఉండదు, లాక్ ప్రిఫిక్స్ పెట్టిన ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో పని అయిపోతుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది రాలేదు.

మన మేక్‌ఫైల్‌లో (బిల్డ్ ఎలా చేయాలో చెప్పే ఫైల్‌లో) '-నోస్టడ్‌లిబ్' (-nostdlib) ఉంది. దానితో లిబ్‌జీసీసీ కూడా పోతుంది, అందుకే లింకర్‌కు ఆ ఫంక్షన్ దొరకదు. ఓఎస్ లేని బోర్డుకైతే కంపైలర్‌కు '-ఎంనో-అవుట్‌లైన్-అటామిక్స్' (-mno-outline-atomics) అని పెట్టి (అప్పుడు ఆ పిలుపు ఉండదు), పాత ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ తీసేసి, మొదటినుంచి బిల్డ్ చేయండి. నేను చెప్పిన ఖాళీ ఫంక్షన్ ఎవరి కోడ్‌లోనైనా ఉంటే ఈరోజే తీసేయండి. మీ సమయం వృథా చేసినందుకు నిజంగా బాధగా ఉంది.