ఎంత ఆయాసపడితే అంత చురుకా?

వ్యాయామం చేస్తే బుర్ర చురుగ్గా పనిచేస్తుందని అందరూ అంటారు. నిజమే. ఎంత గట్టిగా చేస్తే అంత చురుకు అనుకోవడం దగ్గరే మన లెక్క తప్పుతోంది.

కూర్చున్నచోటి నుంచి లేచి, నాలుగడుగులు వేసి, మణికట్టు దగ్గర నాడి పట్టి చూడండి. అప్పటికే గుండె వేగం పెరిగి ఉంటుంది. అందులో అడ్రినలిన్ పాత్ర పెద్దగా లేదు. విశ్రాంతిలో గుండెకు బ్రేకు వేసి ఉంచే వేగస్ అనే నరం పట్టు సడలిస్తుంది, అంతే. నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకునేదాకా ముఖ్యంగా జరిగేది ఇదే. ఇంకా వేగం పెంచితే ఒంటిని హుషారు చేసే సింపథెటిక్ నాడీవ్యవస్థ జోరందుకుంటుంది. రక్తంలో అడ్రినలిన్, దానికి దగ్గరి రసాయనమైన నారడ్రినలిన్ పెరుగుతాయి. అదీ నిదానంగా కాదు, ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా ఎగబాకుతాయి. కండరాలు గట్టిగా పనిచేసేటప్పుడు తయారయ్యే లాక్టేట్ రక్తంలో పేరుకోవడం కూడా దాదాపు అక్కడే మొదలవుతుంది.

ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే ఇంకా ఇవతలే ఉన్నారు. రెండు మూడు మాటలకే గాలి కోసం ఆగాల్సి వస్తే దాటేశారు.

మెదడు సంగతి ఇంకా ఆసక్తికరం. మెదడు కాండంలో లోకస్ సెరులియస్ అనే చిన్న కణాల గుంపు ఉంది. మెదడులో చాలా భాగాలకు నారడ్రినలిన్ అందించేది అదే. ఆ రసాయనం మితంగా ఉంటే ఆలోచనను అదుపులో ఉంచే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు బలం. శ్రుతి మించితే అదే దాన్ని అణిచేస్తుంది. 1908లో యెర్కిస్, డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఇలాంటిదే గమనించారు. తప్పు చేసిన ఎలుకకు కరెంటు షాక్ ఇచ్చేవారు. కష్టమైన పని నేర్చుకోవడానికి మధ్యస్థమైన షాకే బాగా పనికొచ్చింది. తేలిక పనికి మాత్రం ఆ పరిమితి కనిపించలేదు. మనమూ అంతే. శక్తికొద్దీ పరుగెడుతున్నప్పుడు లైటు వెలిగితే చటుక్కున గమనిస్తాం. 83లోంచి 47 తీసేయమంటే మాత్రం తడబడతాం.

అందుకే ఒళ్లు హూనమైతేనే వ్యాయామం అనే ప్రచారం నాకు బాధ కలిగిస్తుంది. గుండె దడదడలాడితేనే భయపడే మనిషిని మొదటి రోజే పరుగు పెట్టిస్తే, ఆ దడను శరీరం ప్రమాదంగా చదువుకుంటుంది. మర్నాడు ఆ మనిషి రాడు. తీవ్రమైన కసరత్తుకూ చోటుంది, గుండెకూ ఊపిరితిత్తులకూ అది మంచిదే. కానీ చదువుకో, ముఖ్యమైన మీటింగ్‌కో ముందు కావాల్సింది చురుకైన నడక. పడుకోవడానికి గంటలోపు అయితే అలుపొచ్చేలా పరుగెత్తకండి. ఒళ్లు అలిసినా, లోపల రేగిన ఆ హుషారు అంత తొందరగా దిగదు.